చదివింపుల పుస్తకంలోకి ఎక్కని కానుకలు

(రేడియో మహిళా కార్యక్రమ ప్రసంగ పాఠం)



డిసెంబరు నెల సగం దాటేసరికి మన ఊళ్ళలో క్రైస్తవుల ఇళ్ళ ముందు కాగితం నక్షత్రాలు వెలుగుతాయి. ఇంటికి వెల్ల వేయించడం, పిల్లలకు కొత్త బట్టలు కుట్టించడం, అరిసెలకు పిండి కొట్టించడం, కేకు తయారు చేయడం... ఆ హడావుడి చూస్తే పండుగ ఏ మతం వారిదైనా ఇల్లాలి పని ఒక్కటే అనిపిస్తుంది. పండుగనాడు పక్కింటి నుంచి మనకొక పళ్ళెం వస్తుంది. సంక్రాంతికి మన పళ్ళెం వాళ్ళింటికి వెడుతుంది. ఇంతవరకు చిక్కేమీ లేదు. చిక్కల్లా కానుకల దగ్గరే వస్తుంది. ఎవరికి ఏమివ్వాలి? ఎంతలో ఇవ్వాలి? పోయినేడు వాళ్ళు మనకేమిచ్చారు? ఆడపడుచుకి ఇచ్చి తోడికోడలికి ఇవ్వకపోతే ఏమనుకుంటుంది? ఈ లెక్కలన్నీ చివరికి మన నెత్తినే పడతాయి.

లెక్క అన్నాను కాబట్టి ఒక మాట. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఒకటుంటుంది కదా. పందిట్లో ఒక పక్కగా పెద్దమనిషి ఒకరు కూర్చుని ఇచ్చినవారి పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం రాసుకుంటారు. నలుగురికీ వినిపించేలా పైకి చదవడం కూడా ఉంది. రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే ఆ పుస్తకం బయటికి తీసి, అంతకు తగ్గకుండా మనమూ చదివిస్తాం. ఇది తప్పని నేననను. పెళ్ళిఖర్చు నలుగురూ తలా కాస్త మోసే ఏర్పాటు అది. కాని ఉన్నమాట చెప్పుకుంటే, దాన్ని కానుక అనడం కంటె చేబదులు అనడమే సబబు.

క్రిస్మస్ కానుకల చరిత్ర చదువుతున్నప్పుడు నాకు ఈ పుస్తకమే పదే పదే గుర్తుకు వచ్చింది. ఆ చరిత్ర పొడుగునా రెండు రకాల కానుకలు కనిపిస్తాయి. పుస్తకంలోకి ఎక్కేవి కొన్ని, ఎక్కనివి కొన్ని. వాటిలో ఏవి మనుషులకు మేలు చేశాయో, ఏవి బరువయ్యాయో తెలుసుకుంటే, మన పండుగలకు కానుక ఎంచుకోవడం కాస్త తేలికవుతుంది. అది క్రిస్మస్సే కానక్కరలేదు, దసరా అయినా సరే.

పిల్లలందరికీ తెలిసిన క్రిస్మస్ తాతతోనే మొదలుపెడదాం. ఆయనకు మూలపురుషుడు నికొలస్ అనే బిషప్పు. నాలుగో శతాబ్దంలో మైరా పట్టణంలో ఉండేవాడు. ఆ ఊరు ఇప్పటి టర్కీ దేశంలో సముద్రతీరాన ఉంది. ఇప్పుడు దాన్ని దెమ్రె అంటున్నారు. ఆయన జీవితం గురించి చరిత్రకు దొరికింది తక్కువ, జనం చెప్పుకున్న కథలు ఎక్కువ. అందులో పేరుపడ్డ కథ వింటే మనకు పరాయి కథ అనిపించదు. ఎందుకంటారా, అది కట్నం కథ.

బాగా బతికి చెడిన ఒక పెద్దమనిషికి ముగ్గురు కూతుళ్ళు. కట్నం ఇవ్వలేడు గనుక పెళ్ళి చెయ్యలేడు. ఇల్లు గడవక, చివరికి ఆ పిల్లల్ని పాపపు బతుకులోకి పంపడం తప్ప దారి లేదన్న చోటికి వచ్చాడు. ఈ సంగతి నికొలస్ చెవిన పడింది. ఆయన ఒక రాత్రివేళ వచ్చి కిటికీలోంచి ఒక బంగారపు మూట లోపలికి జారవిడిచి వెళ్ళిపోయాడు. పెద్దపిల్ల పెళ్ళి జరిగింది. కొన్నాళ్ళకు రెండో మూట. రెండోపిల్ల పెళ్ళి కూడా అయింది. మూడోసారి మాత్రం ఆ తండ్రి నిద్ర మానుకుని కాపు కాసి, వెంటపడి పట్టుకున్నాడు. నేను బతికి ఉండగా ఎవరితోనూ చెప్పవద్దని నికొలస్ ఆయన దగ్గర మాట తీసుకున్నాడని కథ.

ఈ కథలో బంగారం కంటె నాకు విలువైనదిగా తోచింది ఆ రాత్రివేళ. పట్టపగలు పల్లకీ దిగి అందరి ముందూ ఇచ్చి ఉంటే పిల్లల పెళ్ళిళ్ళయితే అయ్యేవి. కాని ఫలానా వారి దానంతో పెళ్ళయిన పిల్లలన్న మాట వాళ్ళ జీవితాంతం ఉండిపోయేది. డబ్బుతోపాటు ఆ ఇంటి పరువును కూడా కాపాడాడన్నమాట. మనవాళ్ళు గుప్తదానం అన్నది దీన్నే.

నికొలస్ పండుగ డిసెంబరు 6న జరుపుకుంటారు. 1087లో ఇటలీ నావికులు ఆయన అస్థికలను మైరా నుంచి బారీ పట్టణానికి తీసుకువెళ్ళారు. అక్కడి నుంచి ఐరోపాలో ఆయన పేరు మరింత పాకింది. డచ్చివారి పిల్లలు ఆయన వస్తాడని రాత్రి బూట్లు బయటపెట్టి పడుకునేవారు. డచ్చి భాషలోని సింటర్ క్లాస్ అనే పేరే అమెరికాలో శాంటాక్లాజ్ అయింది. 1823లో న్యూయార్కు రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణపు పత్రికలో అచ్చయిన ఒక గేయం, 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు వారపత్రికకు వేసిన బొమ్మలు కలిసి ఆ బిషప్పుగారిని బొద్దుగా, నవ్వుతూ ఉండే తాతను చేశాయి. వేషం మారింది, ఊరు మారింది. రాత్రివేళ వచ్చి కనపడకుండా ఇచ్చిపోవడం మాత్రం మారలేదు. మూడు బంగారు మూటల కథలోంచి మిగిలింది అదే.

ఇది పుస్తకంలోకి ఎక్కని కానుక. ఇక ఎక్కే కానుక మాట చూద్దాం.

ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి 1558 నుంచి 1603 వరకు పరిపాలించింది. ఆ రోజుల్లో క్రిస్మస్ పండుగ పన్నెండు రోజులు సాగేది. కానుకలు మాత్రం మధ్యలో వచ్చే కొత్త సంవత్సరం నాడు ఇచ్చేవారు. ఎవరు ఎవరికి? కింది వారు పై వారికి. ప్రభువులు, బిషప్పులు, ఆస్థానపు స్త్రీలు మొదలుకొని కొలువులోని పనివారి దాకా రాణిగారికి ఏదో ఒకటి సమర్పించుకోవాలి. కుట్టుపని చేసిన వస్త్రాలు, బంగారు నాణేలు పోసిన సంచులు, మిఠాయిలు. వాటినన్నిటినీ పొడవాటి తోలుకాగితపు చుట్టల మీద, హోదాల వరస ప్రకారం రాసిపెట్టేవారు. రాణిగారు తిరిగి ఇచ్చే బంగారు మలాము వెండి గిన్నెల తూకం కూడా ఔన్సులతో సహా అందులో ఉంటుంది. ఆ చుట్టల్లో కొన్ని ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. చూశారా, చదివింపుల పుస్తకం మనకొక్కరికే సొంతం కాదు!

రాజుల సంగతి అలా ఉంచి సామాన్యుల దగ్గరికి వద్దాం. లండను దుకాణాల్లో పనినేర్చుకునే కుర్రవాళ్ళు క్రిస్మస్ ముందు ఒక డబ్బా పట్టుకుని ఖాతాదారుల దగ్గరికి వెళ్ళేవారు. మట్టితో చేసిన డబ్బా అది. పగలగొడితే తప్ప డబ్బు బయటికి రాదు. మన పిల్లలు తిరునాళ్ళలో కొనుక్కునే మట్టి హుండీ లాంటిది. సామ్యుయేల్ పీప్స్ అనే ప్రభుత్వోద్యోగి 1663 డిసెంబరులో తన దినచర్యలో, చెప్పుల దుకాణంలో కుర్రవాడి డబ్బాలో తానేదో వేసినట్టు రాసుకున్నాడు. క్రిస్మస్ మరునాడు, అంటే డిసెంబరు 26న, నౌకర్లకు, పాలవాడికి, పోస్టుమనిషికి ఇలా డబ్బాలు, డబ్బులు ఇవ్వడం తర్వాత ఆచారమయింది. ఆ రోజుకు బాక్సింగ్ డే అనే పేరు ఇందుకే వచ్చిందని చాలామంది చెబుతారు. 1871లో చట్టం చేసి ఆ రోజును సెలవుదినం చేశారు. వినగానే మన దసరా మామూళ్ళు గుర్తుకు రావడం లేదూ?

మామూలు మంచిదే. ఏడాది పొడుగునా మనకు పనిచేసినవారిని ఒకరోజు తలచుకోవడం అది. కాని అందులో ఒక ప్రశ్న దాగి ఉంది. ఏడాదంతా చాలీచాలని జీతమిచ్చి, పండుగనాడు ఒక నోటు చేతిలో పెడితే అది కానుకా, బాకీలో కొంత తీర్చడమా? ఈ ప్రశ్నను ఇంగ్లండు దేశమంతా వినేటట్టు అడిగినవాడు ఒక కథకుడు.

ఆయనే చార్లెస్ డికెన్స్. 1824లో, ఆయనకు పన్నెండేళ్ళప్పుడు, తండ్రి అప్పు తీర్చలేక జైలుకి వెళ్ళాడు. ఆ పిల్లవాడు బూటుపాలిష్ తయారుచేసే కర్మాగారంలో సీసాలకు చీటీలు అంటించే పనికి కుదిరాడు. 1843లో, కర్మాగారాల్లో పిల్లల చేత పని చేయించడం మీద ప్రభుత్వ విచారణ సంఘం నివేదిక వెలువడింది. అది చదివి డికెన్స్ ముందు ఒక కరపత్రం రాద్దామనుకున్నాడు. తరవాత ఆలోచించి, కరపత్రం కంటె కథ గట్టిగా తగులుతుందని ఆరువారాల్లో ఒక కథ రాసేశాడు. 1843 డిసెంబరు 19న 'క్రిస్మస్ కారల్' పుస్తకం బజారుకు వచ్చింది. అచ్చువేసిన 6,000 ప్రతులూ పండుగలోపే అమ్ముడుపోయాయి.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. స్క్రూజ్ అనే పిసినారి. అతని దగ్గర వారానికి 15 షిల్లింగులకు పనిచేసే గుమాస్తా బాబ్ క్రాచిట్. ఇంటినిండా పిల్లలు, అందులో ఒకడు కుంటివాడు. బీదలకోసం చందా అడగడానికి వచ్చిన పెద్దమనుషుల్ని, జైళ్ళూ బీదల వర్క్‌హౌసులూ ఉన్నాయిగా అంటూ స్క్రూజ్ పంపించేస్తాడు. ఆ రాత్రి దయ్యాలు వచ్చి అతని కళ్ళు తెరిపిస్తాయి. తెల్లవారి లేచాక స్క్రూజ్ చేసే పనులు మాత్రం నిదానంగా చూడవలసినవి.

మొదట, క్రాచిట్ ఇంటికి పెద్ద టర్కీకోడిని పంపిస్తాడు, ఎవరు పంపారో తెలియకూడదనుకుంటూ. అది నికొలస్ పద్ధతి. తరవాత, నిన్న తరిమేసిన చందా పెద్దమనిషి వీధిలో ఎదురైతే, ఎంత ఇస్తాడో ఆయన చెవిలో మెల్లిగా చెబుతాడు. ఆ మొత్తం ఎంతో డికెన్స్ పాఠకులకు కూడా చెప్పలేదు! మూడోది అసలైనది. మరునాడు గుమాస్తా ఆలస్యంగా వస్తే కోప్పడినట్టు నటించి, జీతం పెంచుతానంటాడు. కోడి ఒక్కపూట కూర. జీతం ఏడాదంతా కూడు. కానుక వేరు, న్యాయం వేరు, రెండూ కావాలి అని డికెన్స్ ఆ జీతం పెంపుతో చెప్పాడు. ఒక చిన్న లెక్క కూడా చూడండి. ఆ పుస్తకం ఖరీదు 5 షిల్లింగులు. క్రాచిట్ లాంటి గుమాస్తాకు వారం జీతంలో మూడోవంతు. అతని కథ అతనే కొనుక్కోలేడు. కొనుక్కోగలిగినవారి కోసమే డికెన్స్ రాశాడు.

విచిత్రమేమంటే, ఆ 1843లోనే లండనులో అచ్చుకార్డు రూపంలో మొదటి క్రిస్మస్ శుభాకాంక్షలు కూడా వెలువడ్డాయి. హెన్రీ కోల్ అనే ఉద్యోగికి ఉత్తరాలు రాసే తీరిక లేక, హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి, సుమారు వెయ్యి కార్డులు వేయించాడు. ఒక్కొక్కటి షిల్లింగు. నడుమ ఒక కుటుంబం విందు చేసుకుంటూ ఉంటుంది. ఆ బొమ్మలో చిన్నపిల్ల కూడా ద్రాక్షసారా తాగుతున్నదని మద్యనిషేధం వాళ్ళు గోల చేశారు. ఆ గోలలో పడి చాలామంది చూడని సంగతి ఒకటుంది. విందు బొమ్మకు అటూ ఇటూ రెండు చిన్న బొమ్మలున్నాయి. ఒక పక్క ఆకలిగొన్నవారికి అన్నం పెడుతున్నారు, రెండో పక్క బట్ట లేనివారికి బట్ట కప్పుతున్నారు. మన విందుకు రెండు అంచులుగా ఎదుటివారి ఆకలిని, చలిని గుర్తు పెట్టుకోమని ఆ మొదటి కార్డే చెప్పింది. తరవాత వచ్చిన లక్షలాది కార్డులలో నడిమి బొమ్మ మిగిలింది, అంచులు చాలా వాటిలో ఊడిపోయాయి.

అక్కడి నుంచి అమెరికా వెడదాం. పంతొమ్మిదో శతాబ్దం చివరికి పెద్ద పెద్ద దుకాణాలు వచ్చాయి. కానుకలు ఇంట్లో చేసి ఇవ్వడం తగ్గి, కొని ఇవ్వడం పెరిగింది. ఆ దుకాణాల్లో సామాను అమ్మే ఆడపిల్లలు పండుగముందు రాత్రి పొద్దుపోయేదాకా నిలబడి పనిచేసేవారు. అది చాలక, తమమీద అజమాయిషీ చేసే అధికారులకు క్రిస్మస్ కానుక కొనాలని చందాలు వేసుకోవలసి వచ్చేది. ఇవ్వకపోతే ఉద్యోగానికి ఏమి ముప్పో అని భయం. ఎలిజబెత్ రాణి కొలువు తీరే, మూడువందల ఏళ్ళ తరవాత న్యూయార్కు దుకాణాల్లో!

1912లో ఇద్దరు స్త్రీలు దీనికి ఎదురుతిరిగారు. ఒకరు ఎలినార్ బెల్‌మాంట్, పూర్వం నాటకాల్లో పేరుపొందిన నటి. రెండోవారు ఆన్ మోర్గన్, కోటీశ్వరుడైన జె. పి. మోర్గన్ కుమార్తె. ఉద్యోగినులు సెలవుల కోసం డబ్బు కూడబెట్టుకునే పొదుపు సంఘం ఒకటి వీళ్ళు నడిపేవారు. ఆ ఉద్యోగినులతో కలిసి పెట్టిన కొత్త సంఘానికి పేరు ఏమిటనుకున్నారు? 'పనికిరాని కానుకల నివారణ సంఘం'! ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి దాన్ని 'స్పగ్' అనేవారు. అధ్యక్షపదవి చేసి దిగిన థియొడోర్ రూజ్వెల్ట్ కూడా అందులో సభ్యుడిగా చేరాడు. వాళ్ళు కానుకలు వద్దనలేదు. భయంతో, మొహమాటంతో ఇచ్చేది వద్దన్నారు.

ఇక్కడ మీరొక ప్రశ్న వెయ్యవచ్చు. అయితే పనికివచ్చే వస్తువులే ఇవ్వాలా? కుక్కరూ, బకెట్టూ ఇస్తే సరిపోతుందా అని. ఆ సంఘం పుట్టడానికి ఏడేళ్ళ ముందు, 1905 డిసెంబరులో, అదే న్యూయార్కు పత్రికలో ఓ. హెన్రీ రాసిన కథ ఒకటి వచ్చింది. పేరు 'గిఫ్ట్ ఆఫ్ ది మేజై'. పసిబిడ్డ యేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చిన జ్ఞానులున్నారు కదా, వారి పేరు మీద పెట్టిన కథ. డెల్లా దగ్గర పండుగనాటికి ఉన్నది 1 డాలరు 87 సెంట్లు. భర్త జేబు గడియారానికి గొలుసు కొనడానికి తన పొడవాటి జుట్టు 20 డాలర్లకు అమ్ముకుంటుంది. భర్త ఆమె జుట్టుకు దువ్వెనలు కొనడానికి గడియారం అమ్మేస్తాడు. రెండు కానుకలూ ఆ పూటకు పనికిరానివే! అయినా ఆ కథ చదివి కళ్ళు చెమర్చనివాళ్ళు అరుదు.

దుకాణపు పిల్లల చందాకు, డెల్లా గొలుసుకు తేడా ఎక్కడుంది? వాళ్ళు ఇచ్చింది భయపడి. డెల్లా ఇచ్చింది ఎరిగి. భర్తకు ఆ గడియారమంటే ఎంత ఇష్టమో, దానికి తోలుపట్టీ ఉన్నందుకు నలుగురిలో తీసి చూసుకోవడానికి ఎంత మొహమాటపడతాడో ఆమెకు తెలుసు. ఎదుటిమనిషిని ఎరిగి ఇచ్చినదే కానుక. వస్తువు పనికి రావడం, రాకపోవడం ఆ తరవాతి సంగతి.

ఇంతవరకు ఒక ఇంటివారు మరొకరికి ఇచ్చుకున్న కానుకలు చెప్పాను. ఇక మనవారి పేరుమీద, మనకు తెలియని వారికి ఇచ్చే సాయం ఎలా మొదలయిందో చూద్దాం.

1904లో డెన్మార్కు దేశంలో ఐనార్ హోల్‌బోల్ అనే పోస్టు ఉద్యోగి ఉండేవాడు. క్రిస్మస్ ముందు గుట్టలుగా వచ్చిపడే ఉత్తరాల్ని చూసి ఆయనకు ఒక ఆలోచన తట్టింది. తపాలా బిళ్ళ పక్కన ప్రతివారూ మరో చిన్న బొమ్మబిళ్ళ కొని అంటిస్తే, ఆ డబ్బుతో క్షయ సోకిన పిల్లలకు ఆస్పత్రి కట్టవచ్చు కదా! మొదటి ఏడాదే నలభై లక్షలకు పైగా బిళ్ళలు అమ్ముడుపోయాయి. ఉత్తరం అందుకున్నవారికి శుభాకాంక్ష, ఎక్కడో ఉన్న పసివాడికి మందు. ఒకే బిళ్ళతో రెండూ.

1907లో అమెరికాలో విల్మింగ్టన్ పట్టణంలో ఎమిలీ బిసెల్ అనే ఆవిడ ఈ పద్ధతి అందుకుంది. ఆవిడ బంధువైన ఒక డాక్టరు నడుపుతున్న చిన్న క్షయ చికిత్సాలయం 300 డాలర్లు లేక మూతపడే స్థితిలో ఉంది. ఆవిడ అప్పు చేసి బిళ్ళలు అచ్చువేయించి పోస్టాఫీసులో ఒక్కొక్కటి ఒక్క సెంటుకు అమ్మించింది. కావలసినదానికి పదిరెట్లు, 3,000 డాలర్ల దాకా వచ్చాయి. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. బీదవారికి అందనివి కూడా సరిగ్గా ఈ మూడే.

ఈ కథలో మనకూ భాగం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగుల కోసం కొన్ని క్రైస్తవ సంఘాలు కలిసి ఆస్పత్రి పెట్టినప్పుడు, దాన్ని మొదట్లో నడిపిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ కూడా డెన్మార్కు దేశస్థుడే. మన దేశంలో క్షయ నివారణ సంఘం 1939లో ఏర్పడింది. 1950 నుంచి ఇక్కడా టీబీ సీళ్ళ అమ్మకం మొదలుపెట్టారు. గాంధీజీ పుట్టినరోజున ప్రారంభించేవారు. బడిలో టీచరుగారు ఇచ్చిన సీళ్ళు పట్టుకుని ఇంటింటికీ తిరిగినవాళ్ళు మీలోనూ ఉండి ఉంటారు. ఆ చిన్న బిళ్ళ డెన్మార్కు క్రిస్మస్ ఉత్తరాల మీదినుంచి నడిచి వచ్చిందని అప్పుడు మనకేం తెలుసు!

ఇంకొక్క కథ చెప్పి ముగింపుకు వస్తాను. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు రైతు డాన్ వెస్ట్. 1930లలో స్పెయిన్ దేశంలో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు అక్కడి పిల్లలకు పాలపొడి కలిపి గ్లాసులతో పోసే పనికి వెళ్ళాడు. పిల్లలు ఎక్కువ, పాలు తక్కువ. ఎవరికి పొయ్యాలో, ఎవరికి మానాలో నిర్ణయించవలసి వచ్చేది. అప్పుడాయనకు తట్టింది, వీళ్ళకు ఇవ్వవలసింది గ్లాసెడు పాలు కాదు, ఆవు అని. 1944లో మొదటి విడతగా 17 పడ్డల్ని ఓడమీద పోర్టోరికో ద్వీపానికి పంపించారు. షరతు ఒక్కటే. మీ ఆవుకు పుట్టిన మొదటి పెయ్యను మీలాంటి మరో బీద కుటుంబానికి ఇవ్వాలి.

గోదానం మనకు కొత్త కాదు. కాని ఈ షరతు ఎంత లోతైనదో చూడండి. పుచ్చుకున్నవాడు ఏడాది రెండేళ్ళలో ఇచ్చేవాడవుతాడు. ఇక చెయ్యి చాచిన చిన్నతనం ఎక్కడుంటుంది? నికొలస్ రాత్రివేళ వచ్చి కాపాడిన పరువును ఈ రైతు పట్టపగలే కాపాడాడు. అలాంటి సంస్థలు తరవాత పండుగ రోజుల్లో ఒక ఏర్పాటు చేశాయి. మీ అమ్మగారి పేరుమీద మీరు ఒక మేకకో, కోళ్ళకో డబ్బు కడితే, ఆ సంగతి తెలుపుతూ ఆవిడకొక కార్డు వస్తుంది. ఈ పద్ధతి ఇప్పుడు అనేక దేశాల్లో ఉంది.

మరి మన ఇళ్ళలో కానుకల మాట ఏమిటి? ఈ చరిత్రలోంచి నాకు తోచినవి నాలుగు చెబుతాను.

మొదటిది, మనింట్లో పనిచేసేవారి సంగతి. స్క్రూజ్ కోడితో ఆపకుండా జీతం పెంచాడు. పనిమనిషికి పండుగకు ముందే జీతం చేతికివ్వడం, వారానికో పూట సెలవు ఇవ్వడం, ఇవి ముందు. ఆ తరవాత చీర. అదీ మనం కట్టి విసిగిన చీర కాకుండా, ఆమెకు నచ్చిన రంగులో కొత్తది. పాతచీర ఇవ్వవద్దనను, కాని దాన్ని పండుగ కానుక అనకండి.

రెండోది, పిల్లల సంగతి. బొమ్మకోసం ఏడాదంతా ఎదురుచూసిన పిల్లవాడికి, నీ బొమ్మ డబ్బులు అనాథలకు ఇచ్చేశానంటే వాడికి దానమంటేనే కోపం వస్తుంది. వాడి బొమ్మ వాడికి కొనండి. ఇంకో చిన్న మొత్తం వాడి చేతిలో పెట్టి, ఇది ఎవరికిద్దామో నువ్వే చెప్పు అనండి. వాడు ఆలోచిస్తాడు. వీధికుక్కలకు అన్నా సరే, వాడి మాటే నిలబెట్టండి.

మూడోది, పెద్దవాళ్ళ పేరుమీద ఇచ్చే విరాళం. నాకేమీ వద్దమ్మా, అన్నీ ఉన్నాయి అనే మామగారికో, పిన్నిగారికో ఇది చక్కని కానుక. కాని డెల్లాను గుర్తుంచుకోండి. మనకు నచ్చిన సంస్థకు వారి పేరుతో కట్టేస్తే అది మన ముచ్చట. వారి మనసు ఎక్కడుందో ముందు కనుక్కోండి. జీవితమంతా పాఠాలు చెప్పినావిడ అయితే ఒక పిల్ల చదువు. చూపు పోగొట్టుకున్న తల్లికి సేవ చేసినావిడ అయితే ఎవరికైనా కంటి ఆపరేషను. పేరు రాయించుకోవడం ఇష్టం లేనివాళ్ళూ ఉంటారు. అడిగి చేస్తే ఆ అడగడంలోనే సగం కానుక ఉంది.

నాలుగోది, శరణాలయాలకు, వృద్ధాశ్రమాలకు వెళ్ళేటప్పుడు. పండుగనాడు కేకులతో వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు. ముందుగా ఒకసారి ఫోను చేసి, మీకు ఏ నెలలో ఏమి తక్కువ పడుతుంది అని కనుక్కోండి. బియ్యం కావచ్చు, మందులు కావచ్చు, ఎదిగిన ఆడపిల్లలకు నెలనెలా కావలసినవి కావచ్చు. డబ్బు కడితే రశీదు తీసుకోండి, సంస్థ లెక్కలు అడగండి. మేక బొమ్మ చూపించి డబ్బు తీసుకునే సంస్థలు, ఆ సొమ్ము మరో అవసరానికి కూడా వాడతామని చిన్న అక్షరాల్లో రాస్తూ ఉంటాయి. అదీ చదవండి. గుప్తదానమంటే కళ్ళు మూసుకుని ఇవ్వడం కాదు కదా.

వెళ్ళినచోట పిల్లల్ని వరసగా నిలబెట్టి, పొట్లం చేతిలో పెడుతూ ఫొటోలు మాత్రం తియ్యకండి. ఇప్పుడు ప్రతివారి చేతిలోనూ ఫోను ఉంది. అందులో తీసి నలుగురికీ పంపే ఆ ఫొటో ఏమిటనుకున్నారు? ఈ కాలపు చదివింపుల పుస్తకం. మన పేరు పైకి చదువుతారు సరే, ఆ పిల్ల ముఖం కూడా అందులో ఎక్కుతుంది. పెద్దయ్యాక ఆ పిల్ల ఆ బొమ్మ చూసుకోవలసి వస్తే ఎలా ఉంటుందో ఒక్కక్షణం ఆలోచించండి. మైరా బిషప్పు చీకటిపడేదాకా ఆగింది ఇందుకే.

ఈ పండుగకు మీరు రాసుకునే కానుకల జాబితాలో ఆఖరున ఒక వరస ఖాళీగా వదలండి. అక్కడ ఎవరికి ఇచ్చారో, ఎంత ఇచ్చారో రాయకండి. ఇంట్లో వాళ్ళడిగినా చెప్పకండి. ఆ ఒక్కటీ లెక్కకు అందకుండా పోనివ్వండి.